తుండు కింద అయిదు వేళ్లు

శ్రీనివాసపురం,
14 ఏప్రిల్ 2024

భూమికమ్మకు పెదనాయన దీవెనలు.

హుబ్బళ్లిలో నీ హాస్టల్‌కు ఉత్తరం రావడం చూసి భయపడి ఉంటావు. ఈ కాలంలో ఉత్తరం రాసేవాడు పిచ్చివాడైనా అయి ఉండాలి, ప్రేమలో పడ్డవాడైనా అయి ఉండాలి. నేను రెండూ కాదు. నోరు వంకరపోయినవాణ్ణి.

నిన్న పొద్దున మామిడి మండీలో చెన్నరాయప్ప ఏదో వేళాకోళం ఆడితే నవ్వాను. మా పక్క మండీవాడు, నీకు తెలుసు కదా. వాడు నా ముఖం చూసి, "ఏం దొడ్డన్నా, నవ్వులో కూడా కమిషన్ కోస్తా ఉండావా? సగమే నవ్వుతా ఉండావే!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. నేను కొట్లోకి వచ్చి, షట్టర్ సగం దించి అద్దంలో చూసుకున్నాను. నవ్వబోతే నోరు ఎడమవైపే పోతోంది. కుడికన్ను ఎంత గట్టిగా మూసినా తెల్లగుడ్డు కనిపిస్తోంది. మొన్నటిదాకా బాగున్న ముఖం, ఒక్క రాత్రిలో ఇలా అయింది.

ఫోన్ ఎందుకు చేయలేదంటావేమో. ప, బ, మ పలకాలంటే పెదవులు రెండూ కలవాలి. కలవడం లేదు. "మామిడి" అంటే నాకే ఇంకేదో సరుకులా వినబడుతోంది. వీడియోలో ముఖం చూపించడం అంతకన్నా కాని పని. ఇక తెలుగులో ఎందుకు రాస్తున్నానో నీకు చెప్పనక్కర్లేదు. మీ పెద్దమ్మా, మా అబ్బాయి పునీత్ కన్నడ బడిలో చదివినవాళ్లు. నోరు తెరిస్తే తెలుగే గాని అక్షరం ముక్క రాదు. రాబర్ట్‌సన్‌పేట నుంచి ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు నిన్ను గోనెసంచుల మీద కూర్చోబెట్టి నేనే దిద్దించాను. ఆ కష్టం ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

వచ్చే నెల బేనిషా, బాదామి మామిడి దిగుతాయి. దొడ్డయ్యకు పక్షవాతం వచ్చిందని ఒక్కసారి పొక్కిందంటే, నన్ను నమ్మి తోటలు పెంచిన రైతులు లారీలు తీసుకెళ్లి చెన్నరాయప్ప గుమ్మం ముందు ఆపుతారు. సుగటూరు రైతు మునివెంకటప్ప అప్పుడే కనిపెట్టాడు. "గాలి కొట్టింది శెట్టీ, పసురు పోస్తాను రా" అన్నాడు. పంటినొప్పి అని తప్పించుకున్నాను.

నువ్వు ముక్కు, చెవి, గొంతు డాక్టరు చదువుతున్నావు కదా. కాయ దిగేలోపు నా ముఖం నాకు వస్తుందా? అదొక్కటి చెప్పు. మీ నాయనతో మాత్రం అనవద్దు.

దొడ్డయ్య


హుబ్బళ్లి,
19 ఏప్రిల్ 2024

పెదనాయనా, నమస్కారం.

ఉత్తరం అందగానే ఫోన్ చేశాను. చేసిన ప్రతిసారీ కట్ చేశారు. కాబట్టి రాస్తున్నాను, తిట్టుకుంటూ.

ముందు అద్దం ముందు నిలబడి కనుబొమలు పైకెత్తండి. నుదుటి మీద కుడివైపు కూడా ముడతలు పడితే జబ్బు మెదడులో ఉన్నట్టు. అలాగైతే ఈ ఉత్తరం అక్కడే పడేసి ఆసుపత్రికి పరుగెత్తండి. కుడివైపు నుదురు నున్నగా ఉండిపోతే అది పక్షవాతం కాదు, ముఖం నరానికి వచ్చిన కష్టం. నుదుటికి మెదడు రెండు పక్కల నుంచీ కబురు వస్తుంది, అందుకే ఈ తేడా.

ఆ నరం ఎక్కడుందో కూడా చెబుతాను. కుడి అరచేయి చెవి కింద ఆనించి వేళ్లు ముఖం మీదికి చాపండి. బొటనవేలు నుదుటికి, చూపుడువేలు కంటికి, మధ్యవేలు బుగ్గకు, ఉంగరపువేలు కింది పెదవికి, చిటికెనవేలు మెడకు. చెవి కింద ఒక్క మానుగా బయటికి వచ్చి ఇలా అయిదు కొమ్మలవుతుంది. మాకు మొదటి ఏడాది ఇలాగే నేర్పారు.

ఒక్క రాత్రిలో వచ్చిందన్నారు, అది మంచి మాట. హఠాత్తుగా వచ్చేదాన్ని బెల్స్ పాల్సీ అంటారు. నరం వాచి మొద్దుబారుతుంది. చాలామందికి వారాల్లో, కొందరికి నెలల్లో తిరిగి వస్తుంది. ఇవాళే కోలారు వెళ్లి డాక్టరుకు చూపించి మాత్రలు మొదలుపెట్టండి, ఆలస్యమైన కొద్దీ వాటి బలం తగ్గుతుంది. కన్ను ఎండకుండా చుక్కల మందు వేసుకుని, పడుకునేటప్పుడు రెప్ప మీద ప్లాస్టర్ వేసుకోండి. పసురు గిసురు వద్దు. తర్వాత ఓపిక పట్టడమే.

మీ భూమిక


శ్రీనివాసపురం,
3 మే 2024

భూమికమ్మా,

నుదురు ముడత పడలేదు. మెదడు క్షేమమని తేలింది. మీ పెద్దమ్మకు చెబితే నమ్మేది కాదు. కోలారు డాక్టరు కూడా ఎప్పుడొచ్చిందని అడిగి, నువ్వు చెప్పిన పేరే చెప్పి మాత్రలిచ్చాడు. కొన్నాళ్లాగి మళ్లీ రమ్మన్నాడు. ఇప్పుడెక్కడ తీరుతుంది? కాయ దిగుతోంది.

నువ్వు అయిదు వేళ్లని రాస్తే నవ్వొచ్చింది, ఆ సగం నవ్వే. నా బతుకే అయిదు వేళ్లు కదమ్మా. చిన్నప్పుడు నువ్వు కళ్లప్పగించి చూసేదానివి, గుర్తుందా? మా మండీలో ధర నోటితో చెప్పం. కొనేవాడూ నేనూ చేతులు కలిపి పైన తుండు కప్పుతాం. లోపల ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ ఉన్నవాళ్లకు చేతులు కనబడవు గనక ముఖాలు చూస్తారు. కనుబొమ కదిలిందా, ధర బజారున పడినట్టే. ముఖం కదపకుండా ఉండడం మా నాయన నాకు చెంపదెబ్బలతో నేర్పాడు. పెళ్లిపీటల మీద కూడా నవ్వలేదని మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఇప్పుడు సగం పని దేవుడే చేసిపెట్టాడు.

ఇంకో మంచి మాట. నవ్వితే కుడి మూల కూడా కాస్త లాగుతోంది. దేవుడి పటం ముందు తల వంచి కళ్లు మూస్తే కుడికన్ను కూడా చాలావరకు మూసుకుంటోంది. నువ్వు చెప్పినట్టే తిరిగి వస్తోంది. నీ చదువు ఊరికే పోలేదు.

దొడ్డయ్య


హుబ్బళ్లి,
11 మే 2024

పెదనాయనా,

మీ ఉత్తరం చదివి సంతోషించాలనే ఉంది గాని రెండు అనుమానాలు. బాగున్న ఎడమవైపు లాగితే చచ్చుబడిన కుడివైపు కూడా వెంట కదిలినట్టు కనిపిస్తుంది. ముక్కు కింద పెదవి నడిమిని వేలితో నొక్కిపట్టి, అప్పుడు నవ్వి చూడండి. కన్ను సంగతీ అంతే. తల వంచి కిందికి చూస్తే రెప్ప తనంతట తానే దిగుతుంది, అది నరం చేసిన పని కాదు. తల నిటారుగా పెట్టి, ఎదురుగా చూస్తూ మూయండి.

ఇవి కూడా మొదటే అడగాల్సింది. దీనికి ముందు ఎప్పుడైనా కన్నుగాని చెంపగాని అదిరిందా? పుక్కిలిస్తే నీళ్లు కారేవా? చెవి కింద గడ్డ లాంటిది చేతికి తగులుతోందా? లేదనే రాస్తారని నా నమ్మకం. అయినా రాయండి. వీలైతే ఒక్కసారి, ఒక్క నిమిషం, వీడియోలో కనిపించండి. నేను ఎవరికీ చెప్పను.

భూమిక


శ్రీనివాసపురం,
2 జూన్ 2024

భూమికకు,

నొక్కిపట్టి నవ్వాను. కదల్లేదు. నిటారుగా చూస్తూ కన్ను మూశాను. మూసుకోలేదు. చాలా? ముసలివాడికి ఉన్న కాస్త సంతోషాన్ని ఇలా వేలితో నొక్కి తీసేయాలా? పోనీలే. రాగానే పోతుందా, పోయేటప్పుడు నెమ్మదిగానే పోతుంది.

మండీలో నిలబడడానికి చోటు లేదు. బేనిషా అయిపోవస్తోంది, తోతాపురి ముందుంది. అందుకే జవాబు ఆలస్యమైంది. నీ ప్రశ్నలకు వద్దాం. నీళ్లు కారడం కొత్తేమీ కాదు, అది నిరుటి మామిడి కాలం నుంచీ ఉన్నదే. కుడి భుజం మీద చొక్కా అంతా వక్కాకు నమిలిన మరకలే. "చిన్న బిడ్డోడి మాదిరి నోట్లోంచి కార్చుకుంటా ఉండావే, నీకేమొచ్చె!" అని మీ పెద్దమ్మ రోజూ అరుస్తూనే ఉంది. వయసు మీదపడితే కారదా?

కన్ను అదరడం మాత్రం శుభమేనమ్మా. కార్తీకం నుంచి మాఘం దాకా కుడికన్ను ఒకటే అదురు. మగవాడికి కుడికన్ను అదిరితే మేలని నీకూ తెలుసు. ఆ ధైర్యంతోనే బూదికోట వైపు రెండు తోటలు పూత మీదే మాట్లాడుకున్నాను, ఆ మాఘంలోనే మా అమ్మాయి నయన పెళ్లి కూడా చేశాను. అదురు ఆగిపోయినప్పుడు అదృష్టం అయిపోయిందేమో అని దిగులుపడ్డాను కూడా.

చెవి కింద చింతగింజంత గడ్డ ఒకటి ఎన్నో ఏళ్లుగా ఉంది. ఇప్పుడు కాస్త పెద్దదైంది. నొప్పి లేదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

దొడ్డయ్య


హుబ్బళ్లి,
7 జూన్ 2024

పెదనాయనా,

ఈ ఉత్తరం చదివిన రోజే బయలుదేరండి. హుబ్బళ్లికి రండి, ఇక్కడ మీ మండీవాళ్లెవరూ ఉండరు.

ఒక్క రాత్రిలో వచ్చిందని మీరు రాశారు. ఒక్క రాత్రిలో వచ్చింది జబ్బు కాదు, చెన్నరాయప్ప చూపు. ఏడాదిగా నీళ్లు కారడం, నెలల తరబడి కన్ను అదరడం, అదురు ఆగి కదలికే పోవడం, చెవి కింద గడ్డ పెరగడం, ఇవన్నీ ఒకే దారిలో ఉన్నాయి. మెల్లగా వచ్చేది బెల్స్ పాల్సీ కాదు. గడ్డ నరాన్ని తింటోంది, దాన్ని కోసి తీయాలి, దాంతో నరం కొమ్మలు కొన్ని పోవచ్చు. చచ్చిపోయే ముందు ఆ నరం కొట్టుకుంటే దాన్ని మీరు శుభమనుకున్నారు. ఓపిక పట్టమని నేను రాశాను.

నయన అప్పగింతలప్పుడు నేను మీ పక్కనే నిలబడ్డాను. మీ ముఖం రాయిలా ఉంది. మీ ముఖం ఎప్పుడు కదిలింది గనక ఆ రోజు నాకు అనుమానం రావడానికి? కుడికంట మాత్రం నీళ్లు కారాయి. "దొడ్డన్న కూడా ఏడుస్తా ఉండాడే!" అని పెళ్లిపందిరంతా చెప్పుకున్నారు. నేను కూడా మురిసిపోయి ఫోటో తీశాను. నిన్న ఆ ఫోటో మా సర్‌కు చూపించాను. రెప్ప బలం తగ్గి నీరు పొర్లుతోందని ఆయన చూడగానే చెప్పారు.

సీజన్ మళ్లీ వస్తుంది. మీరు రండి.

భూమిక


శ్రీనివాసపురం,
16 జూన్ 2024

భూమికమ్మా,

నువ్వు రాసింది అర్థమైంది. ఆ పేరు నువ్వు రాయలేదు, నేనూ రాయను.

ఇప్పుడు రాలేను. తోతాపురి ఇప్పుడే మొదలైంది, జూలై ఆఖరుకు అయిపోతుంది. మునివెంకటప్ప లాంటి రైతులు నా మాట మీద వేరే చోట బేరం వదులుకున్నారు. నడిబజారులో వాళ్లను విడిచిపెట్టి పడుకోలేను. ఇన్నేళ్లు ఆగిన గడ్డ ఇంకో నెలన్నర ఆగదా?

బేరం చెబుతున్నాను, విను. అయిదు వేళ్లన్నావు. చిటికెనవేలు మెడకు కదా, తీసుకోండి. బొటనవేలు కూడా తీసుకోండి, నుదురు ముడుచుకుని నేనెవరిని బెదిరించాలి? మధ్యవేలికి కూడా ఒప్పుకుంటాను. చూపుడువేలు, ఉంగరపువేలు నాకు వదిలేయండి. కన్ను మూసుకోవాలి, ప, బ, మ పలకాలి. రెండు వేళ్లు అడుగుతున్నాను. ఇంతకన్నా తగ్గి ఎవరూ బేరమాడరు.

ఇంకో మాట. నయన అప్పగింతల రోజు నేను నిజంగానే ఏడ్చానమ్మా. దాన్ని మాత్రం జబ్బు కింద జమకట్టకు.

పునీత్‌కు చెప్పావంటే నీకు అక్షరాలు దిద్దించిన చేతి మీద ఒట్టు.

దొడ్డయ్య


హుబ్బళ్లి,
21 జూన్ 2024

పెదనాయనా,

ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. ఇవాళ పునీత్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. వాడు, "అక్కా, పంటినొప్పి అన్నాడు, నేను నమ్మినాను. నాయన ముఖం చూసి ఏమి కనుక్కునేదక్కా?" అని ఏడ్చాడు. ఈ ఉత్తరం మీకు అందే సరికి వాడు మిమ్మల్ని కారులో కూర్చోబెట్టి ఉంటాడు. మండీ వాడు చూసుకుంటాడు, మీ రైతులను వాడు విడిచిపెట్టడు.

మీ బేరానికి జవాబు నా చేతిలో లేదు. కోసేది సర్. ఆయన చేతిలో సన్నని కడ్డీ ఉంటుంది, దాని కొసలో చీమ కుట్టినంత కరెంటు. నరం కొమ్మ మీద ఆనిస్తే, బతికున్నదైతే ముఖంలో దాని తావు అదురుతుంది. కన్ను అదిరితే కంటిది, పెదవి అదిరితే పెదవిది. అలా ఒక్కో కొమ్మను గుర్తుపట్టి, పక్కకు జరిపి గడ్డను తీస్తాం. జరపడానికి వీల్లేకుండా గడ్డ చుట్టుకుని ఉంటే నరమా, ప్రాణమా అని అడగాల్సి వస్తుంది. అప్పుడు మిమ్మల్ని లేపి అడగలేం. నన్ను తిట్టాలనుకుంటే వచ్చి ఎదురుగా తిట్టండి.

భూమిక


హుబ్బళ్లి,
28 ఆగస్టు 2024

పెదనాయనా,

మీరు ఇంటికి వెళ్లి నెల దాటింది, ఒక్క ముక్క రాయలేదు. వెళ్లేటప్పుడు పలక మీద రాసి అడిగారు కదా, లోపల ఏం జరిగిందో దాచకుండా చెప్పమని. డిశ్చార్జి కాగితంలో ఉన్నదంతా ఇంగ్లీషు. నేను తెలుగులో రాస్తున్నాను.

ఆపరేషన్‌లో నా పని మీ ముఖం చూడడం. గుడ్డ కప్పకుండా కుడి చెంప వదిలేసి, కండరాల్లో సన్నని సూదులు గుచ్చి మిషన్‌కు కలిపారు. కదలిక వస్తే మిషన్ టకటకమంటుంది, అయినా ఒక మనిషి కళ్లతో చూస్తూ ఉండాలి. మీ ముఖాన్ని నేను అంతసేపు ఎప్పుడూ చూడలేదు. చెవి కింద తెల్లగా నరం మాను కనిపించింది. నుదుటి కొమ్మ మీద కడ్డీ ఆనించారు. ఏమీ లేదు. కంటిది, బుగ్గది, ఏమీ లేదు. ఉంగరపువేలి కొమ్మ మీద ఆనించగానే మీ కింది పెదవి కొస అదిరింది. "కదిలింది సార్!" అని అరిచాను. ఆయన మళ్లీ ఆనించారు. మళ్లీ కదిలింది.

పెదనాయనా, ఆ కదిలిన కొమ్మను కూడా కోయాల్సి వచ్చింది. క్యాన్సర్ మాను లోపలికే పాకింది. మాను పోయాక కొమ్మ మిగలదు. మీరు రెండు వేళ్లు అడిగారు, ఒక్కటి కూడా ఇవ్వలేకపోయాం.

మీ కాలి నుంచి తీసిన నరం ముక్కను అక్కడ అతికించారు. ఏడాదికి కాస్త కదలిక రావచ్చు, రాకపోనూవచ్చు. కన్ను మూసుకోవడానికి పై రెప్పలో చిన్న బంగారు బిళ్ల పెట్టారు, దాని బరువుకు రెప్ప దిగుతుంది. రేడియేషన్ కరెంటు పెట్టించుకోవడం ఒక్క రోజు కూడా మానవద్దు.

భూమిక


శ్రీనివాసపురం,
8 డిసెంబరు 2024

భూమికమ్మకు దీవెనలు.

రాయాలంటే కోపం అడ్డొచ్చింది. ఎవరి మీదో తెలియదు. చెన్నరాయప్ప మీద అనుకున్నాను గాని, వాడు సగం నవ్వని చెప్పబట్టే కదా ఈ మాత్రమైనా తెలిసింది. వాడే వారం వారం వచ్చి కూర్చుంటున్నాడు. అదింకా కష్టంగా ఉంది.

కరెంటు పెట్టించుకోవడం అయిపోయింది. నోరు ఎండిపోయి ముద్ద దిగడం లేదు, వక్కాకు రుచి తెలియడం లేదు. ఇక చొక్కాకు మరకలు లేవు, మీ పెద్దమ్మకు అరవడానికి ఏమీ మిగల్లేదు. ఆమె మౌనంగా ఉంటే ఇల్లు ఇల్లులా లేదు.

బంగారం బాగుంది. కోలారు బంగారు గనులు మూసేసిన ఊరి పిల్లవు, తవ్వుకునేందుకు చోటు లేక నా రెప్పలో పెట్టావు. మునివెంకటప్ప ఎవరో చెబితే విని, "ఒకసారి మూయి శెట్టీ, బంగారు కన్ను చూస్తాను" అన్నాడు. మూసి చూపించాను. వాడు చూసి నవ్వబోయి ఏడ్చాడు.

అద్దం ముందు రోజూ నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. ఏదీ కదలదు. కొంచెం పొడిదగ్గు ఉంది, చలికాలం కదా.

దొడ్డయ్య


హుబ్బళ్లి,
17 ఏప్రిల్ 2025

పెదనాయనా, నమస్కారం.

దగ్గు తగ్గలేదని పునీత్ బెంగళూరులో స్కాన్ తీయించాడు కదా, అది నాకు పంపాడు. నేను చూశాను, మా సర్ కూడా చూశారు. భయపడాల్సింది ఏమీ లేదు. ఛాతీలో కనబడినవి పాత కఫం మచ్చలు. మన వైపు చాలామందికి ఉంటాయి. మాత్రలు రాసి పంపాను, వేళకు వేసుకోండి. నరం సంగతికి ఇంకా వ్యవధి ఉంది.

ఇక్కడ పరీక్షలు దగ్గరపడ్డాయి. అవి అయ్యాక వస్తాను. ఈసారి కాపు బాగుందని మా నాయన చెప్పాడు. మండీకి వెళ్లాలనిపిస్తే వెళ్లండి, మంచిదే. పెద్దమ్మను అడిగానని చెప్పండి.

భూమిక


శ్రీనివాసపురం,
25 మే 2025

భూమికమ్మా,

మండీకి వెళ్లాను. అదే ముందు రాస్తాను.

ఏడాది తర్వాత వెళ్తున్నానని మీ పెద్దమ్మ తెల్ల తుండు ఇస్త్రీ చేయించి ఇచ్చింది. పునీత్ పక్కకు జరిగి నా చోటు నాకిచ్చాడు. మదనపల్లె కొనుగోలుదారు వచ్చాడు, ఇరవై ఏళ్లుగా ఎరిగినవాడు, జలగ లాంటి మనిషి. చేతులు కలిపి తుండు కప్పాం. నాకు రావలసిన దానికన్నా బాగా ఎక్కువే అడిగాను. ఎప్పుడూ అంతే, వాడు లాగుతాడు, నేను తగ్గుతాను, అలా ఓ గంట సాగుతుంది. వాడు నా ముఖం వైపు చూసి, వెంటనే తల దించుకుని, "సరే శెట్టీ, మీరు చెప్పినట్టే కానీండి" అని చేయి తీసేశాడు. రెండోవాడూ అంతే. చెన్నరాయప్ప దూరం నుంచి చూసి అటు తిరిగి నిలబడ్డాడు.

నా జీవితంలో ఎవరూ నాకు మొదట అడిగిన ధర ఇవ్వలేదు. అదెంత మర్యాదో నీకు తెలియదు తల్లీ, బేరమాడడం. ఎదుటివాడు బతికున్నాడని ఒప్పుకుంటేనే బేరమాడతాం. తుండు మడిచి భుజాన వేసుకుని ఇంటికొచ్చాను. మళ్లీ పోలేదు.

రెండో మాట. నీ ఉత్తరం బాగా రాశావు. ఉత్తరానికి ముఖం ఉండదు. నిరుడు నేను ఉత్తరాలు ఎంచుకున్నది అందుకే, ఈసారి నువ్వూ అదే పని చేశావు. కానీ పునీత్ ఇంట్లోనే ఉంటాడు కదా. ఆ స్కాన్ తీసి వచ్చిన రోజు నుంచి వాడు నాకు ఎదురుగా కూర్చుని తినడం లేదు. "ఏమి రాసినారప్పా దాంట్లో?" అని అడిగితే, "ఏమీ లేదు నాయనా, బాగుండాది" అని గోడ వైపు చూసి చెప్పాడు. వాడి కింది పెదవి వణికింది. రెండు వైపులా వణికింది, వాడి నరం బాగుంది. వాడికి వ్యాపారం నేర్పాను గాని ముఖం నేర్పలేదు. కొట్టి నేర్పడానికి నాకు చేతులు రాలేదు. నలభై ఏళ్లు ముఖాలు చదివి అన్నం తిన్నవాణ్ణి, కొడుకు ముఖం చదవలేనా?

అది ఛాతీలోకి వచ్చింది. అంతే కదా.

వాడు నాకు దొరికిపోయాడని వాడికి చెప్పలేదు. మీ పెద్దమ్మకు అసలే తెలియకూడదు. వాడు నా ముందు దాస్తున్నాననుకుంటున్నాడు, నేను వాళ్లిద్దరి ముందు దాస్తున్నాను. ఇల్లంతా ఒక పెద్ద తుండు కప్పినట్టు ఉంది.

ఇంక ఉత్తరం రాయవద్దు. నువ్వు రా. పక్కన కూర్చుని చేయి తుండు కిందికి పెట్టు, ఎన్ని నెలలో వేళ్లతో చెప్పు. ఒక వేలికి ఒక నెల. ఖచ్చితంగా చెప్పలేమని డాక్టర్లు అంటారు, అది నాకూ తెలుసు. ఖచ్చితమైన ధర ఏ సరుకుకూ లేదు. నీకు తోచింది పట్టుకో. తగ్గించమనీ అడగను, పెంచమనీ అడగను.

పెదనాయన


హుబ్బళ్లి,
30 మే 2025

పెదనాయనా,

పరీక్షల సంగతి తర్వాత చూసుకుంటాను. ఎనిమిదో తేదీ ఆదివారం పొద్దుటికి వస్తున్నాను. తోతాపురి ఊరగాయ పెట్టించుకోవడానికి వస్తున్నానని పెద్దమ్మతో చెప్పండి. ఆమె ఉప్పు, కారం సర్దుకునే హడావిడిలో ఉన్నప్పుడు మనం వరండాలో కూర్చుందాం. ఆ తెల్ల తుండే తీసి పెట్టండి.

అబద్ధం రాసినందుకు తిట్టాలనుంటే తిట్టండి. వేళ్లతో మాత్రం అబద్ధం చెప్పను.

ఒక్కటే అడుగుతున్నాను. నేను మీ వేళ్లు పట్టుకున్నప్పుడు నా ముఖం చూడకండి. నాకు అక్షరాలు నేర్పారు గాని, అది నేర్పలేదు.

మీ భూమిక